ఇసుక దిబ్బల మీద సెలవులు: మీరు అడిగారు, మేం చెప్తున్నాం

పోయిన నెల ఈ కాలమ్‌లో చలికాలం ట్రిప్పుల గురించి రాస్తూ ఎడారి మాట ఒక్క లైన్‌లో వదిలేశాం, దాని మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి, అందుకే ఈసారి మొత్తం ఇసుకే.

ప్రశ్న: మాది వరంగల్. డిసెంబర్ సెలవుల్లో ఎనిమిదేళ్ల బాబు, పదమూడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారితో జైసల్మేర్ వెళ్దామనుకుంటున్నాం. సామ్ దగ్గర ఒంటె, జీపు, డాన్సు, డిన్నరు, టెంటు అన్నీ కలిపి ఒక నైట్ ప్యాకేజీ చెప్తున్నారు. ఖురీ బాగుంటుందని మా ఆఫీసులో ఒకావిడ అంటున్నారు. ఏది సెలెక్ట్ చేసుకోవాలి? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: డిసెంబర్ అంటే సరైన టైమేనండి. అక్టోబర్ చివర్నుంచి మార్చి మొదటి వారాల దాకా అక్కడ పగలు హాయిగా ఉంటుంది, ఏప్రిల్ వచ్చిందంటే ఇక ఆలోచించొద్దు. సామ్ జైసల్మేర్‌కి పడమరగా 40 కిలోమీటర్ల పైన ఉంటుంది, ఖురీ నైరుతి వైపు, అదీ ఇంచుమించు అంతే దూరం. సామ్‌లో దిబ్బలు పెద్దవి, రోడ్డు పక్కనే ఉంటాయి, సౌకర్యాలెక్కువ, జనం కూడా ఎక్కువే, సాయంత్రం అయిదు గంటలకి దిబ్బ మీద ఒంటెలు, జీపులు, చాయ్ అమ్మేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు అందరూ ఒకచోటే ఉంటారు. ఖురీ ఒక పల్లెటూరు, దిబ్బలు కాస్త చిన్నవి, గోడలకి మట్టి పూసి ముగ్గులేసిన ఇళ్లలో కూడా ఉండనిస్తారు, రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది. మీ పాపకి సందడి ఇష్టమైతే సామ్, నిజంగా ఎడారి చూడాలనుంటే ఖురీ. నన్నడిగితే ఖురీ అంటాను, అత్తయ్యగారికి కూడా రాత్రంతా స్పీకర్ల గోల లేకుండా నిద్ర పడుతుంది.

కానీ ఎక్కడికెళ్లినా నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. ప్యాకేజీలో ఎన్ని ఐటమ్స్ ఉన్నాయని లెక్కపెట్టకండి, దిబ్బ మీద మీరు ఏ టైముకి ఉంటారో అడగండి. అందరూ సూర్యాస్తమయానికి తీసుకెళ్తారు, తెల్లవారుజామున మాత్రం ఎవరూ లేపరు, ఎందుకంటే అప్పుడు అమ్మడానికేం ఉండదు. అసలు చూడాల్సింది అప్పుడే. రాత్రి గాలి వీస్తే ముందు రోజు తొక్కిన అడుగులు చాలావరకు మాసిపోయి ఇసుక మీద సన్నటి అలలు పడి ఉంటాయి, వాటి మీద పేడపురుగు నడిచిన గీత, బల్లి తోక ఈడ్చిన గీత, ఎక్కడో ఒకచోట నక్క అడుగులు కనబడతాయి. మీ బాబుని ఒక గీత వెంట నడవమని చెప్పండి, అది ఎక్కడో ఇసుకలోకి దూరిపోతుంది, అక్కడ ఆగి చూడమనండి. ఆ పిల్లాడికి ఆ పొద్దున్నే చాలు, జీపు రైడ్ గుర్తుకూడా రాదు. సూర్యుడు పైకొచ్చాక ఇవన్నీ మాయం, వెలుతురు నిట్టనిలువుగా పడి దిబ్బ చదునుగా కనబడుతుంది. కాబట్టి క్యాంపు దిబ్బలకి నడిచి వెళ్లేంత దగ్గర ఉందా, తెల్లారి ఆరింటికి గేటు తీస్తారా, ఈ రెండూ బుక్ చేసేముందే అడగండి.

అత్తయ్యగారి విషయం. మెత్తటి ఇసుకలో నడక మోకాళ్లకి మామూలు నడక కంటే చాలా కష్టం, అడుగేస్తే సగం వెనక్కి జారిపోతుంది. ఆవిడ్ని దిబ్బ పైకి ఎక్కించాలని పంతం పట్టొద్దు, ఒంటె బండి ఉంటుంది, దాని మీద పరుపేసి కూర్చోబెట్టి దిబ్బ కింద దాకా తీసుకెళ్తారు, అక్కణ్నుంచి కూడా సూర్యోదయం బాగానే కనబడుతుంది. ఒంటె ఎక్కించడం మాత్రం వద్దు, ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లే ఎత్తుతుంది, మనిషి ఒక్కసారి ముందుకి పడిపోతాడు, కూర్చునేటప్పుడూ ముందుకే ఒరుగుతుంది. పిల్లలకి ముందే చెప్పండి, లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ వెనక్కి వాలి జీను గట్టిగా పట్టుకోవాలని.

చలి గురించి మనవాళ్లు అస్సలు నమ్మరు, ఎడారే కదా అని ఒక శాలువా పెట్టుకుని వెళ్తారు. పొడి గాలి, మబ్బులేని ఆకాశం, అందుకే పగటి వేడి రాత్రికి నిలవదు, డిసెంబర్ జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. అందరికీ స్వెటర్లు, సాక్సులు, చెవులకి టోపీలు పెట్టుకోండి. ఇంకోటి, పిల్లలు ఇసుకలో లోతుగా గుంతలు, సొరంగాలు తవ్వుతుంటే వెంటనే ఆపండి, పొడి ఇసుక గోడ నిలబడదు, మీద కూలితే మనిషిని బయటికి లాగడం చాలా కష్టం.

తిండి దగ్గర ఒక మాట. కేర్ సాంగ్రీ అని కూర పెడతారు, అందులో సాంగ్రీ అంటే మనం దసరాకి పూజ చేసే జమ్మి చెట్టు కాయలే, ఎండబెట్టి దాచుకుని వండుతారు. జమ్మి మన తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కీ అదే. అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పి వడ్డించండి. రాత్రి పాటలకి మంగణియార్లు, అంటే అక్కడి జానపద గాయకులు, వస్తే మైకు తీసేసి కమాయిచా అనే వాళ్ల తీగ వాద్యం మీద ఒక్క పాట పాడమని అడగండి, సంతోషంగా పాడతారు, పాడినందుకు విడిగా డబ్బులు వాళ్ల చేతికే ఇవ్వండి.

ప్రశ్న: ఒంటె ఎక్కడం దాన్ని హింసించడమే అని మా అమ్మాయి ఏడుస్తోంది. ఎక్కాలా వద్దా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: మీ అమ్మాయి అడిగినది మంచి ప్రశ్న, కొట్టిపారేయకండి. ఒంటె బరువు మోసే జంతువే, బాగా చూసుకునే మనిషి దగ్గర ఒక గంట నడిస్తే దానికి నష్టం లేదు. ఎలా చూసుకుంటున్నారన్నదే అసలు విషయం. ఎక్కేముందు చుట్టూ తిరిగి చూడండి: జీను కింద పుండ్లున్నాయా, ముక్కుకి గుచ్చిన పుల్ల దగ్గర చీము పట్టిందా, కుంటుతోందా, ఇద్దరు లావుపాటి పెద్దవాళ్లని ఒకేసారి ఎక్కిస్తున్నారా. వీటిలో ఒక్కటి కనబడినా ఎక్కొద్దు, ఎందుకు ఎక్కట్లేదో కూడా ఆ మనిషికి మర్యాదగా చెప్పండి.

అయితే రెండో వైపు కూడా అమ్మాయికి చెప్పండి. 2012 పశుగణనలో దేశంలో ఒంటెలు సుమారు 4 లక్షలు, 2019కి రెండున్నర లక్షలకి పడిపోయాయి. పొలానికి ట్రాక్టరొచ్చింది, సరుకుకి లారీ వచ్చింది, ఒంటెని పెంచితే గడవడం కష్టమైపోయింది. రాజస్థాన్ ప్రభుత్వం 2014లో ఒంటెని రాష్ట్ర జంతువుగా ప్రకటించినా సంఖ్య తగ్గుతూనే వచ్చింది. టూరిస్టుల సవారీ డబ్బు ఇప్పుడు చాలా కుటుంబాలకి ఒంటెని ఇంట్లో ఉంచుకోవడానికి కారణం. ఆరోగ్యంగా ఉన్న ఒంటె, దాన్ని పేరు పెట్టి పిలిచే మనిషి దొరికితే ఎక్కండి. వద్దనుకుంటే పక్కన నడవండి, చాలామంది అలా కూడా వెళ్తారు, పూర్తి డబ్బు మాత్రం ఇచ్చేయండి.

జీపుల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. సామ్ చుట్టుపక్కల చాలా మేర డెజర్ట్ నేషనల్ పార్క్ కిందికి వస్తుంది, 3,162 చదరపు కిలోమీటర్లు. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్టకి ఇప్పుడు దేశంలో మిగిలిన పెద్ద ఆసరా ఈ జైసల్మేర్ ప్రాంతమే. అది నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ ఎక్కువగా ఒక్కటే. జీపు డ్రైవర్ దారి వదిలి గడ్డి మైదానంలోకి పోనిస్తానంటే వద్దనండి.

ప్రశ్న: నాది జగిత్యాల, దుబాయ్‌లో పని చేస్తున్నా. జనవరిలో భార్య, మూడేళ్ల పాప విజిట్ మీద వస్తున్నారు, మా బావమరిది కూడా. భార్యకి అయిదో నెల. అందరినీ డెజర్ట్ సఫారీకి తీసుకెళ్లొచ్చా? మా రూమ్మేట్‌కి ఫోర్ వీల్ బండి ఉంది, మనమే నడుపుకుంటూ పోదాం, డబ్బులు మిగుల్తాయ్ అంటున్నాడు. (ఒక పాఠకుడు, దుబాయ్)

జవాబు: తమ్ముడూ, ముందు మీ ఆవిడ సంగతి. దిబ్బల మీద బండిని ఎగరేసి దూకించే ఆ డ్యూన్ బాషింగ్ గర్భిణులకి వద్దే వద్దు, ఎవరు ఏం కాదన్నా వినొద్దు. చిన్నపిల్లలు, నడుం నొప్పి, మెడ నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు కూడా అందులో ఎక్కకూడదు. అలాగని ఇంట్లో కూర్చోనక్కర్లేదు, బాషింగ్ లేకుండా మామూలు దారిలో నేరుగా క్యాంపుకి దింపే బండి కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి, చాలామంది ఇస్తారు. దుబాయ్ డెజర్ట్ కన్సర్వేషన్ రిజర్వ్ అని 2003లో పెట్టిన అభయారణ్యం ఉంది, 225 చదరపు కిలోమీటర్లు, అక్కడ పర్మిషన్ ఉన్న కంపెనీలతో వెళ్తే తెల్లటి అరేబియన్ ఒరిక్స్ జింకలు కనబడతాయి, బండి నింపాదిగా నడుపుతారు, మీ ఆవిడకీ పాపకీ అది హాయి. రేటు ఎక్కువే, అయినా సంవత్సరానికోసారి వచ్చే మనుషులు కదా. బావమరిది కుర్రాడైతే, ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే, లహబాబ్ ఎర్ర దిబ్బల్లో బాషింగ్‌కి అతన్ని విడిగా పంపండి, అన్నం తిన్న వెంటనే మాత్రం కాదు.

ఇక రూమ్మేట్ ప్లాన్. ఒక్క బండితో ఎడారిలోకి దిగొద్దు, ఇది రూల్ అనుకోండి. ఇరుక్కుంటే లాగడానికి రెండో బండి ఉండాలి, రెండో బండి నడిపేవాడికి ఇసుక తెలిసుండాలి. మామూలు రోడ్డు మీద టైర్లలో 35 పీఎస్ఐ దాకా గాలి ఉంటుంది కదా, ఇసుకలోకి దిగేముందు 15 దగ్గరికి తగ్గిస్తారు, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, దిగబడదు. 1930ల్లో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో పాత ఫోర్డ్ కార్లేసుకుని తిరిగిన బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ ఆఫీసర్ బృందం వాడిన కిటుకే ఇది, ఆయనే తర్వాత ఇసుక గాలికి ఎలా కదులుతుందో లెక్కలు కట్టి 1941లో పుస్తకం రాశాడు, ఇప్పటికీ ఆ సబ్జెక్టుకి అదే పునాది. గాలి తగ్గించిన టైరుతో గట్టిగా స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడొస్తుంది, తిరిగి తారు రోడ్డెక్కేముందు గాలి నింపకపోతే టైరు వేడెక్కి పేలుతుంది, అందుకే బండిలో కంప్రెసర్ ఉండాలి, పార, తాడు, మనిషికి సరిపడా కంటే ఎక్కువ నీళ్లు ఉండాలి. దిబ్బ ఎక్కితే నిటారుగా ఎక్కాలి, దిగితే నిటారుగా దిగాలి, ఏటవాలు మీద బండిని అడ్డంగా తిప్పితే బోల్తానే. ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే చక్రం ఇంకా లోపలికి తవ్వుకుంటుంది, దిగి చక్రాల వెనక ఇసుక తీసి వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రావాలి. శిఖరం అవతల ఏముందో కనబడదు, అవతలి పక్క మనుషులో ఇంకో బండో ఉండొచ్చు, అందుకే గ్రూపుల్లో వెళ్లేవాళ్లు బండికి పొడుగాటి జెండా కట్టుకుంటారు. ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవమనండి, ఆఫ్ రోడ్ కవర్ అవుతుందో లేదో అందులో రాసుంటుంది. ఇవేవీ లేకుండా డబ్బులు మిగుల్తాయని పోవడం, అదీ ఇంటిల్లిపాదినీ వేసుకుని, నేను ఒప్పుకోను.

ఖర్చు తగ్గాలంటే ఇంకో మార్గం ఉంది. రోడ్డు పక్కనే దిబ్బలు చాలాచోట్ల ఉన్నాయి, మామూలు కారు గట్టి నేల మీద ఆపేసి నడిచి వెళ్లొచ్చు, సాయంత్రం పులిహోర డబ్బా, చాప పట్టుకెళ్లండి, చెత్త మొత్తం తిరిగి తెచ్చేయండి, ప్లాస్టిక్ తిని ఒంటెలు చచ్చిపోతున్నాయి అక్కడ. ఎడారిలో గుబురుగా నీడిచ్చే చెట్టు కనబడితే పాపకి చూపించండి, దాన్ని అక్కడ ఘాఫ్ అంటారు, ఆ దేశపు జాతీయ వృక్షం, అది కూడా జమ్మే.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నా. మా అమ్మమ్మ వాళ్లది బొమ్మనహాల్ మండలం, హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు చాలా ఉన్నాయి, మా ఫ్రెండ్స్ రీల్స్ తీస్తారు. దీన్ని జైసల్మేర్‌లాగా టూరిస్ట్ ప్లేస్ చేయొచ్చు కదా? ఇంకో డౌట్, దిబ్బ ఒకవైపు మెల్లగా ఎక్కేలా ఉండి ఇంకోవైపు నిట్రంగా ఎందుకుంటుంది? (ఒక విద్యార్థి, అనంతపురం జిల్లా)

జవాబు: డౌట్ ముందు. గాలి వచ్చే వైపు ఇసుక రేణువులు చిన్న చిన్న గెంతులేసుకుంటూ పైకి పోతాయి, ఒకటి పడి ఇంకో నాలుగింటిని లేపుతుంది, ఆ వైపు వాలు 10, 15 డిగ్రీలే. శిఖరం దాటగానే గాలి దెబ్బ తగలదు కాబట్టి అక్కడే రాలిపోతాయి. కళ్లంలో వడ్లు పోస్తుంటే రాశి ఒక వాలు దాకా పెరిగి ఆ తర్వాత పక్కలకి జారిపోతుంది చూడు, ఇదీ అంతే, ఆ హద్దు పొడి ఇసుకకి సుమారు 33, 34 డిగ్రీలు. నిట్రంగా ఉన్న వైపు శిఖరం అంచున కూర్చుని అరచేత్తో కాస్త ఇసుక కిందికి తోసి చూడు, నువ్వు తోసింది గుప్పెడే అయినా కింద నుంచి పైకి ఒక పొర కదిలి నాలుకలా జారుకుంటూ పోతుంది. ఇట్లా ఒకవైపు నుంచి తీసి ఇంకోవైపు పోస్తూ పోతే దిబ్బే ముందుకి నడుస్తుంది, చిన్న దిబ్బ వేగంగా, పెద్ద దిబ్బ నెమ్మదిగా. బోర్డు మీద జారేవాళ్లు ఎప్పుడూ ఈ నిట్రమైన వైపే ఎంచుకుంటారు, రాయీ పొదా లేకుండా కింద సాఫీగా ఉండే చోటు చూసుకుని, అడుగున మైనం రుద్దుకుని. తడి ఇసుక మీద బోర్డు జారదు.

ఇక హగరి. అక్కడి దిబ్బలు నీకు రీల్‌కి బాగుంటాయి, మీ అమ్మమ్మ వాళ్ల ఊళ్లో రైతుని అడిగి చూడు. వేదవతి హగరి ఎండిపోయి పడుకున్న నది, నైరుతి రుతుపవనాల నెలల్లో అటునుంచి ఈదురుగాలి లేస్తే నదిలో ఇసుక లేచి బొమ్మనహాల్, కణేకల్లు మండలాల్లో పొలాల మీద పడుతుంది, వేసిన పైరు కప్పేస్తుంది, భూమి సాగుకి పనికిరాకుండా పోతుంది. ఆ దిబ్బ ముందుకి నడవడమంటే ఒకరి చేను పోవడం. థార్‌లో కూడా ఇదే కష్టం ఉంది, జోధ్‌పూర్‌లోని కాజ్రీ అనే కేంద్ర పరిశోధన సంస్థ ముళ్లకంపతో గళ్లుగళ్లుగా చిన్న దడులు కట్టి, వాటి మధ్య గడ్డీ చెట్లూ పెంచి దిబ్బని కట్టిపడేసే పద్ధతి దశాబ్దాలుగా చేయిస్తోంది. ఇసుక మీద కాస్త గడ్డి పట్టి, వానకి పైన పల్చటి పొర గట్టిపడితే దిబ్బ ఆగుతుంది, దాని మీద బైకులూ జీపులూ తిప్పితే ఒక్క సీజన్‌లో మళ్లీ కదులుతుంది. అందుకే మీ ఊరి దిబ్బల మీద వాహనాల టూరిజం రావడం నాకిష్టం లేదు. నడిచి చూడండి, ఫొటోలు తీసుకోండి, మొక్కలు నాటిన వైపు మాత్రం పోవద్దు. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల మీద కూడా పిల్లలు జారుతుంటారు, అది జియో హెరిటేజ్ సైట్, అంటే భూగర్భ వారసత్వంగా గుర్తించిన చోటు, వేల ఏళ్ల నుంచి ఏర్పడినది, ఒక్కో జారుడుకీ కొంత కరిగిపోతుంది.

ప్రశ్న: ఎడారిలో ఫోన్, కెమెరా ఎలా కాపాడుకోవాలి? కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: జిప్ లాక్ కవర్లో పెట్టండి, వాడినప్పుడే తీయండి. కెమెరా లెన్సు దిబ్బ మీద మార్చకండి. ఇసుక పడితే గుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి, గాలి బుడగ బ్రష్షుతో ఊదండి. కాంటాక్టులు ఆ రోజుకి మానేసి కళ్లద్దాలు పెట్టుకోండి. జైసల్మేర్ సరిహద్దు జిల్లా కాబట్టి డ్రోన్ అస్సలు వద్దు.

ప్రశ్న: మేం డెన్వర్‌లో ఉంటాం. అమ్మానాన్న జూన్‌లో వస్తున్నారు, నాన్నకి 68, అమ్మకి 63, ఎక్కువ దూరం నడవలేదు. జులై నాలుగు లాంగ్ వీకెండ్‌కి గ్రేట్ శాండ్ డ్యూన్స్ తీసుకెళ్దామని ప్లాన్, మా బాబుకి నాలుగేళ్లు. ఓకేనా? (ఒక పాఠకుడు, కొలరాడో)

జవాబు: ప్లేస్ ఓకే, టైమ్ మార్చుకోండి. డెన్వర్ నుంచి నాలుగు గంటల డ్రైవ్, ఉత్తర అమెరికాలో అన్నిటికంటే ఎత్తయిన దిబ్బలు, స్టార్ డ్యూన్ 741 అడుగులు, వెనక మంచు కొండలు, చూడాల్సిందే. కానీ ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇసుక 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాలుతుంది, అంటే మన లెక్కలో 65 సెల్సియస్, చెప్పులేసుకున్నా పక్కల నుంచి ఇసుక వచ్చి కాళ్లు బొబ్బలెక్కుతాయి. పొద్దున చల్లగా ఉందని చెప్పుల్లేకుండా పైదాకా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు కాలిపోయేవాళ్లున్నారు. పైగా జులై మధ్యాహ్నాలు ఉరుములొస్తాయి, దిబ్బ మీద మీ కంటే ఎత్తయినదేదీ ఉండదు, పిడుగు భయం నిజమైనది. వెళ్లాలంటే పొద్దున ఆరింటికల్లా అక్కడుండి పదింటికల్లా దిగిపోండి, లేదంటే సాయంత్రం వెళ్లండి.

అమ్మానాన్న జూన్ మొదట్లోనే వచ్చేస్తే ఇంకా మంచిది. దిబ్బల అడుగున మెడానో క్రీక్ అని మంచు కరిగి వచ్చే వాగు ఉంటుంది, మే చివర, జూన్ మొదట్లో నిండుగా పారుతుంది, లోతు చీలమండల దాకానో కాస్త పైనో, అడుగంతా ఇసుకే, నీళ్లు ఉండుండి చిన్న అలలుగా వస్తాయి. మీ బాబు రోజంతా అందులోంచి రాడు, అమ్మ ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. జులైకి ఎక్కువ ఏళ్లలో పల్చబడి పోతుంది. వీకెండ్ కాకుండా మామూలు రోజు చూసుకోండి, మే, జూన్ శనాదివారాల్లో పార్కింగ్ దొరకడమే గగనం. దోమల మందు మర్చిపోవద్దు.

అమ్మ కోసం ఒక సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. విజిటర్ సెంటర్‌లో లావుపాటి చక్రాలున్న శాండ్ వీల్‌చెయిర్ ఉచితంగా ఇస్తారు, ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచండి, తోయడానికి మీకు కాస్త బలం కావాలి. ఎత్తు కూడా గుర్తుంచుకోండి, అక్కడి నేలే 8,000 అడుగుల పైన, ఇండియా నుంచి దిగిన వారంలోనే తీసుకెళ్తే నాన్నకి ఆయాసం, తలనొప్పి రావొచ్చు, డెన్వర్‌లో ఓ పది రోజులు ఉండనిచ్చి తర్వాత బయల్దేరండి, బీపీ మాత్రలుంటే డాక్టర్ని ఒకసారి అడగండి. దిబ్బల మీద ఎండలో ఉన్నప్పుడు తలనొప్పి, వాంతి వచ్చేట్టుండడం, మాట తడబడడం, ఏది మొదలైనా ఇంకాసేపు చూద్దామనుకోకుండా నీడకి దింపేయండి.

జారడానికి బోర్డు పార్కులో అద్దెకివ్వరు, బయట షాపుల్లో తీసుకెళ్లాలి, ఇసుక కోసం చేసినదే అడగండి, మంచు మీద జారే ప్లాస్టిక్ పళ్లేలు ఆ పొడి ఇసుకలో కదలవు. అదే పళ్లేలు న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ దగ్గర బాగా జారతాయి, అక్కడ ఉన్నది మామూలు ఇసుక కాదు, జిప్సం, 275 చదరపు మైళ్లు తెల్లగా పరుచుకుని ఉంటుంది, ఎండని తిప్పికొడుతుంది కాబట్టి కాళ్లు కాలవు, పళ్లేలు పార్కు షాపులోనే అమ్ముతారు. చలికాలం అమ్మానాన్న మళ్లీ వస్తే అది పెట్టుకోండి. పక్కన మిసైల్ రేంజ్ ఉంది, పరీక్షలప్పుడు రోడ్డు కొన్ని గంటలు మూసేస్తారు, వెళ్లేముందు పార్కు నోటీసు చూసుకోండి. దిబ్బల మధ్య అన్నీ ఒకేలా ఉండి దారి తప్పుతారు, నీళ్లు విజిటర్ సెంటర్ దాటాక ఎక్కడా దొరకవు, 2015 ఆగస్టులో అక్కడి ఆల్కలీ ఫ్లాట్ ట్రెయిల్‌లో ఎండకి ఒక టూరిస్టు జంట చనిపోయారు, వాళ్ల కొడుకు ఒక్కడే బతికాడు. మనిషికి కనీసం నాలుగు లీటర్లు కారులో పెట్టుకోండి, సీసాలో నీళ్లు సగం అయిపోయాయంటే వెనక్కి తిరగండి, ఎంత దూరం వచ్చినా సరే.